మన పిల్లలకు అర్థమగు సండే స్కూలు

పాఠ్యభాగము: నెహెమ్యా 8:1-8; 13:23-25



చెరనుండి తిరిగివచ్చిన ప్రజలలో కొందరి పిల్లలు అష్డోదు భాష మాటలాడుచు, స్వభాష ఎరుగక యుండిరి. నెహెమ్యా కోపించి, పెద్దలలో కొందరిని కొట్టెను.

మన యిండ్లలోను ఇదే స్థితి. నైజాం ప్రాంతమునుండి కట్టడపు పనికి వచ్చిన తెలుగు కామాఠీలనుబట్టి కామాఠిపురాకు ఆ పేరు కలిగినది. అయితే గ్రాంట్ రోడ్ చాళ్లలో పెరుగు నేటి బిడ్డలలో అనేకులు బడిలో మరాఠీయో ఇంగ్లీషో చదివి, హిందీలో ఆడుకొందురు. తెలుగు వినిన తెలియును గాని చదువలేరు. అట్టి బిడ్డకు బైబిలు ఇచ్చి అందరియెదుట చదువుమంటే, సిగ్గుపడి మరుసటి ఆదివారము రాడు.

కోపమువలన భాష రాదు. అదే గ్రంథము 8వ అధ్యాయములో మంచి మార్గము కలదు: లేవీయులు ధర్మశాస్త్రమును చదివి, జనులు గ్రహించునట్లు అర్థము చెప్పిరి. మన పనియు అదియే.

1. తరగతులను వయస్సునుబట్టి ఏర్పరచుడి, తెలుగు చదువునుబట్టి కాదు. 12 ఏండ్ల బాలుని 6 ఏండ్లవారితో కూర్చుండబెట్టకుడి.

2. కథ తెలుగులో చెప్పుడి. జవాబు ఏ భాషలో వచ్చినను అంగీకరించుడి. కృప, నీతి వంటి మాటలను హిందీలోనైనను విప్పి చెప్పుడి.

3. కంఠత వాక్యమును చార్టుపై పెద్దగా వ్రాసి, వారమునకు రెండు అక్షరములు నేర్పుడి. 40 ఆదివారములలోపే అక్షరమాల ముగియును. ఇది క్రొత్త పద్ధతి కాదు; 1780లో ఇంగ్లండులోని గ్లౌస్టరులో రాబర్ట్ రైక్స్ ఆరంభించిన సండే స్కూలులో పేదపిల్లలకు చదువు నేర్పిరి.

4. వాక్యమును ఇంట అమ్మమ్మకో తాతయ్యకో అప్పజెప్పుమనుడి. తిమోతి విశ్వాసము మొదట అవ్వ లోయిలో వసించినదే (2 తిమోతి 1:5).

5. మే నెలలో అనేక కుటుంబములు ఊళ్లకు వెళ్లును. వి.బి.ఎస్.ను పరీక్షలు ముగిసిన వెంటనే గాని, జూన్‌లో బడులు తెరచుటకు ముందు గాని పెట్టుడి.

6. ఏ పెద్దవారును ఒక బిడ్డతో ఒంటరిగా గదిలో ఉండరాదు. చిన్నవారిని ఇంటికి చేర్చుటకు ఇద్దరు వెళ్లుడి.

7. సంఘమునకు రాని యింటి బిడ్డ వచ్చినయెడల, తల్లి యేమి పనిచేయునని అడుగకుడి. పేరు అడిగి, చాపమీద చోటియ్యుడి.

ఆలోచించుడి: మన సండే స్కూలుకు రాక మానిన పిల్లలెవరు? ఈ వారము వారి యింటికి ఎవరు వెళ్లుదురు?