కొత్త కార్ల కంపెనీకి డీలరు కావాలా, సొంత షోరూం కావాలా?



వస్తువును తయారు చేయడం ఒక ఎత్తు, దాన్ని కొనేవారి చేతికి చేర్చడం మరో ఎత్తు. ఇంటర్ సి.ఇ.సి. నుంచి పి.జి. వరకు కామర్స్ విద్యార్థులను 'పంపిణీ మార్గాలు' అనే పాఠం వదలదు. ఉత్పత్తిదారు, టోకు వ్యాపారి, చిల్లర వ్యాపారి, వినియోగదారు అని వరుసగా రాసి, మధ్యలో బాణం గుర్తులు వేసి మార్కులు తెచ్చుకుంటాం. ఆ బాణం గుర్తుల వెనక ఎవరి డబ్బు ఉంది, నష్టం వస్తే ఎవరి నెత్తిన పడుతుంది అన్నది మాత్రం ఆ బొమ్మలో కనిపించదు. ఈ వ్యాసంలో ఒక్క ఉదాహరణ తీసుకుని ఆ సంగతి తెలుసుకుందాం. అది అమెరికాలో టెస్లా కార్ల కంపెనీకీ, కార్ల డీలర్లకూ జరిగిన తగాదా.

మన ఇళ్లలో కారు కొన్నవాళ్లు తక్కువే. అయినా ఈ పాఠం మనకు కావాలి. డిగ్రీ అయిపోగానే మనలో చాలామందికి మొదట దొరికేది షోరూంలోనో, ఫైనాన్స్ కంపెనీలోనో, సర్వీస్ సెంటర్‌లోనో ఉద్యోగం. ఆ ఉద్యోగం నిలబడేదీ లేనిదీ పైన ఎవరో తీసుకునే ఈ నిర్ణయం మీదే ఆధారపడి ఉంటుంది.

డీలరు చేసే పని ఏమిటి?

'దళారి' అనేది మన ఇళ్లలో మంచి మాట కాదు. పత్తి అమ్మినా, మిరప అమ్మినా మన పెద్దలు మధ్యవాడి చేతిలో నష్టపోయినవారే. అందుకే మధ్యవాడు లేకపోతే ధర తగ్గుతుందని వెంటనే అనేస్తాం. చదువుకున్నవాళ్లం ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలి. మధ్యవాడిని తీసేస్తే అతను చేసే పని ఎవరు చేస్తారు?

కార్ల డీలరు ముఖ్యంగా ఐదు పనులు చేస్తాడు.

1. కంపెనీ నుంచి కార్లను తన డబ్బుతో, లేదా బ్యాంకు అప్పుతో కొని నిల్వ పెట్టుకుంటాడు.
2. స్థలం, భవనం, సిబ్బంది ఖర్చు తానే పెట్టుకుంటాడు.
3. కారు చూపించి, నడిపించి, బేరమాడి, పాత కారును మార్పిడికి తీసుకుంటాడు.
4. బ్యాంకు రుణం, బీమా, రిజిస్ట్రేషన్ పనులు చేసిపెడతాడు.
5. అమ్మిన తరువాత సర్వీసింగ్, మరమ్మతు, విడిభాగాలు చూసుకుంటాడు.

వీటిలో మొదటి పని బయటికి కనిపించదు గానీ, కొత్త కంపెనీకి అదే అన్నిటికన్నా బరువైనది. ఒక లెక్క వేసి చూద్దాం. ఇది అర్థం కావడానికి మేము అనుకున్న లెక్క మాత్రమే. ఒక కంపెనీ నెలకు 1000 కార్లు తయారు చేస్తుందనుకోండి. ఒక్కో కారు విలువ 10 లక్షలు. ఫ్యాక్టరీ గేటు దాటిన కారు కొనేవారికి చేరడానికి 60 రోజులు పడుతుందనుకుంటే, ఏ సమయంలో చూసినా 2000 కార్లు దారిలోనో, షెడ్డులోనో ఉంటాయి. అంటే 200 కోట్ల రూపాయలు వాటిలో ఇరుక్కుని ఉంటాయి. డీలర్లు ఉంటే ఆ భారం వారిది. కారు గేటు దాటగానే కంపెనీకి డబ్బు వచ్చేస్తుంది. నేరుగా అమ్మితే ఆ 200 కోట్లు కంపెనీయే పెట్టుకోవాలి. దీన్నే మన పుస్తకాలు నిర్వహణ మూలధనం అంటాయి.

ఇప్పుడు అదే కంపెనీ ముందుగా బుకింగ్ తీసుకుని, ఆర్డరు వచ్చిన తరువాతే కారు తయారు చేసి, 15 రోజుల్లో ఇంటికి చేరుస్తుందనుకోండి. దారిలో ఉండే కార్లు 500, ఇరుక్కునే డబ్బు 50 కోట్లు. పైగా కొనేవారు ఇచ్చిన అడ్వాన్సు కూడా చేతిలో ఉంటుంది. కాబట్టి నేరుగా అమ్మడం లాభమా, నష్టమా అన్నది ఆర్డర్లు ముందే వస్తాయా రావా అన్నదానిమీద చాలావరకు ఆధారపడుతుంది.

చట్టం ఎందుకు వచ్చింది?

అమెరికాలో మొదటి రోజుల్లో కార్లు రకరకాలుగా అమ్మేవారు. ఫ్యాక్టరీ నుంచి నేరుగా, తపాలా ద్వారా, ఊరూరా తిరిగే ఏజెంట్ల ద్వారా కూడా అమ్మకాలు జరిగేవి. దేశమంతటా దుకాణాలు పెట్టే డబ్బు కంపెనీల దగ్గర లేక డీలర్ల పద్ధతి పెరిగింది. ఆ పద్ధతిలో పెత్తనం కంపెనీదే. 1920-21 మాంద్యంలో హెన్రీ ఫోర్డ్‌కు నగదు అవసరమైంది. అడగకపోయినా కార్లను డీలర్లకు పంపి, దిగగానే డబ్బు కట్టమన్నాడు. కట్టకపోతే డీలర్‌షిప్ పోతుంది. డీలర్లు తమ ఊరి బ్యాంకుల్లో అప్పు చేసి కట్టారు. అంటే కంపెనీ తన అప్పును డీలరు నెత్తిన పెట్టింది.

ఇటువంటి అనుభవాల తరువాత డీలర్లు సంఘాలుగా ఏర్పడి చట్టాలు కోరారు. 1956లో, కంపెనీ అన్యాయంగా ప్రవర్తిస్తే డీలరు కోర్టుకు వెళ్లే హక్కునిస్తూ కేంద్ర చట్టం వచ్చింది. చాలా రాష్ట్రాలు ఇంకా ముందుకు వెళ్లి, కంపెనీ తన డీలరు పక్కనే సొంత దుకాణం పెట్టి పోటీకి దిగకూడదని చట్టాలు చేశాయి. ఇందులో న్యాయం ఉంది. ఒకడు ఉన్నదంతా పెట్టి ఒక కంపెనీ పేరుతో షోరూం కట్టాక, అదే కంపెనీ ఎదురుగా దుకాణం తెరిచి తక్కువ ధరకు అమ్మితే అతని గతేమిటి? ఈ చట్టాలు పుట్టింది చిన్నవాడిని పెద్దవాడి నుంచి కాపాడడానికి.

టెస్లా వాదన

టెస్లా 2003లో మొదలైంది. 2008లో మొదటి కారు రోడ్‌స్టర్, 2012లో మోడల్ ఎస్ వచ్చాయి. మొదటి నుంచీ డీలర్లు లేకుండా సొంత దుకాణాల్లో, ఇంటర్నెట్‌లో అమ్మింది. వాళ్ల కారణాలు మూడు.

మొదటిది, డీలరు ఆదాయంలో ఎక్కువ భాగం పెట్రోలు కార్ల నుంచే వస్తుంది. విద్యుత్ కారు మంచిదని చెప్పాలంటే, పక్కనే నిలబెట్టిన పెట్రోలు కారు లోపాలు తన నోటితోనే చెప్పాలి. ఆ పని ఎవరూ మనస్ఫూర్తిగా చేయరు. రెండవది, డీలరుకు సర్వీసింగ్ పెద్ద ఆదాయం. విద్యుత్ కారుకు ఇంజను ఆయిలు మార్చే పని లేదు, స్పార్కు ప్లగ్గులు లేవు. రిపేర్లు తగ్గే బండిని అమ్మాలని డీలరుకు ఎందుకు ఉంటుంది? మూడవది, కొత్త రకం వస్తువును ఓపికగా వివరించి చెప్పాలి. నెలాఖరుకు ఇన్ని అమ్మాలన్న లెక్కలో ఉన్న సేల్స్‌మన్‌కు ఆ తీరిక ఉండదు.

చట్టం గురించి వారి జవాబు సూటిగా ఉంది. 'ఈ చట్టాలు కంపెనీ తన సొంత డీలర్లను మోసం చేయకుండా ఆపడానికి వచ్చాయి. మాకు డీలర్లే లేరు, ఇక మోసపోయేది ఎవరు?' అన్నది దాని సారాంశం.

డీలర్ల సంఘాలు ఒప్పుకోలేదు. ఒకే కారును ఇద్దరు ముగ్గురు డీలర్లు అమ్మితే వారి మధ్య పోటీ వల్ల ధర తగ్గుతుందని, కంపెనీ ఒక్కటే అమ్మితే అది చెప్పిందే ధర అవుతుందని అన్నారు. కంపెనీ తప్పు చేసినా, మూతపడినా, కొనేవారి తరపున ఊళ్లో నిలబడేది డీలరేనని వాదించారు. స్థానికంగా ఉద్యోగాలు ఇచ్చేదీ, పన్నులు కట్టేదీ తామేనన్నారు.

కోర్టులు, ప్రభుత్వాలు ఏమన్నాయి?

ఒక్కో రాష్ట్రం ఒక్కో దారి పట్టింది.

మసాచుసెట్స్‌లో డీలర్లు వేసిన కేసును 2014లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం కొట్టివేసింది. ఆ చట్టం డీలరును తన కంపెనీ నుంచి కాపాడేది, వేరే కంపెనీ పోటీ నుంచి కాపాడేది కాదని తేల్చింది. న్యూజెర్సీ 2014 మార్చిలో నేరుగా అమ్మడాన్ని ఆపింది. ఏడాది తరువాత, 2015 మార్చిలో, టెస్లా నాలుగు దుకాణాల వరకు పెట్టుకోవచ్చని చట్టం చేసింది. మిషిగన్ 2014లో నిషేధాన్ని గట్టి చేసింది. టెస్లా 2016లో కోర్టుకెక్కగా, 2020లో రాజీ కుదిరింది.

టెక్సాస్ కథ అన్నిటికన్నా విచిత్రం. అక్కడ టెస్లా తెరిచిన గదుల్లో కారును చూడవచ్చు. కానీ సిబ్బంది ధర చెప్పకూడదు, కారు నడిపించి చూపకూడదు. కొనాలంటే ఇంటర్నెట్‌లో ఆర్డరు ఇవ్వాలి. 2021లో టెస్లా తన ప్రధాన కార్యాలయాన్ని టెక్సాస్‌కు మార్చింది, 2022లో అక్కడే పెద్ద ఫ్యాక్టరీ ప్రారంభించింది. అప్పటికీ ఆ చట్టం మారలేదు. కారు పుట్టిన ఊళ్లోనే దానికి దుకాణం లేదన్నమాట!

వినియోగదారుల ప్రయోజనాలు చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిబ్బంది కూడా 2014లో, ఎలా కొనాలో కొనేవారే నిర్ణయించుకోవాలన్న పక్షాన రాశారు. చిన్నవాడి కోసం పుట్టిన చట్టం ఎదిగిన డీలర్లకు కోటగోడ అయిందని విమర్శకులు అన్నారు. ఒక చట్టం ఎవరి కోసం వచ్చింది, ఇప్పుడు ఎవరికి ఉపయోగపడుతోంది అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. గ్రూప్ పరీక్షలకు చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి.

నేరుగా అమ్మితే చాలా?

టెస్లా పెరిగింది కాబట్టి ఆ పద్ధతే గొప్పదనుకుంటే పొరపాటు. 2016లో మోడల్ 3 కోసం వెయ్యి డాలర్ల చొప్పున కట్టి మొదటి వారంలోనే సుమారు 3,25,000 మంది పేర్లు నమోదు చేసుకున్నారు. మన లెక్కలోని రెండవ పరిస్థితి ఇదే. అటువంటి గిరాకీ అందరికీ రాదు.

టెస్లాకూ ఎదురుదెబ్బలు తగిలాయి. 2019 ఫిబ్రవరి చివర, ధర తగ్గించడం కోసం దుకాణాలు చాలావరకు మూసేసి ఇంటర్నెట్‌లోనే అమ్ముతామని ప్రకటించింది. రెండు వారాలు తిరగకుండానే ఆ మాట మార్చుకుంది. చాలా దుకాణాలను ఉంచి, ధరలు కొంత పెంచింది. 2023 జనవరిలో ఒక్కసారిగా ధరలు తగ్గించినప్పుడు, అంతకు కొద్ది రోజుల ముందు కొన్న చైనా వినియోగదారులు షోరూంల ముందు నిరసన తెలిపారు. మధ్యలో డీలరు లేనప్పుడు కోపమంతా నేరుగా కంపెనీ మీదికే వస్తుంది.

మిగతా కంపెనీల సంగతి చూడండి. కొరియాకు చెందిన దేవూ 1998లో అమెరికాలో సొంత దుకాణాలు, కాలేజీ విద్యార్థి ప్రచారకులతో అమ్మకాలు మొదలుపెట్టింది. 2000లో మాతృసంస్థ అప్పుల్లో మునిగి దివాలా తీసింది. ఫిస్కర్ పేరుతో వచ్చిన మొదటి కంపెనీ డీలర్ల ద్వారా అమ్మి 2013లో దివాలా తీసింది. అదే పేరుతో వచ్చిన రెండవ కంపెనీ నేరుగా అమ్మకం మొదలుపెట్టి, 2024 జనవరిలో డీలర్ల వైపు తిరిగి, అదే ఏడాది జూన్‌లో దివాలా తీసింది. వియత్నాం కంపెనీ విన్‌ఫాస్ట్ కూడా అమెరికాలో సొంత దుకాణాలతో మొదలై తరువాత డీలర్లను వెతుక్కుంది. వస్తువులో బలం, చేతిలో డబ్బు లేనప్పుడు ఏ పంపిణీ మార్గమూ కంపెనీని కాపాడలేదని దీనివల్ల తెలుస్తోంది.

మన దేశంలో

ఈ ప్రశ్న మన దేశానికీ వచ్చింది. ఓలా ఎలక్ట్రిక్ 2021 నుంచి స్కూటర్లను డీలర్లు లేకుండా సొంత కేంద్రాల ద్వారా అమ్మింది. అమ్మకాలు వేగంగా పెరిగాయి గాని సర్వీసింగ్ అందుకోలేకపోయింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు పదివేలకు పైగా ఫిర్యాదులు చేరాయి. 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నోటీసు ఇచ్చింది. మెర్సిడెస్ బెంజ్ 2021లో మధ్యేమార్గం ఎంచుకుంది. కార్ల నిల్వ కంపెనీదే, బిల్లు కంపెనీదే, దేశమంతా ధర ఒకటే. డీలరు కారు చూపించి, అప్పగించి, కమీషన్ తీసుకుంటాడు. టెస్లా 2025 జూలైలో ముంబైలో సొంత షోరూం తెరిచింది.

ఇంకో వైపు కూడా చూడాలి. జనరల్ మోటార్స్ 2017లో, ఫోర్డ్ 2021లో మన దేశంలో అమ్మకాలు ఆపేస్తున్నట్లు ప్రకటించాయి. వాటిని నమ్మి షోరూంలు కట్టిన డీలర్లు, అక్కడ పనిచేసే సేల్స్ పిల్లలు, మెకానిక్‌లు ఏమవ్వాలి? అమెరికా డీలరుకు ఉన్నటువంటి ప్రత్యేక చట్టం మన డీలరుకు లేదు. అతనికి దిక్కు తాను సంతకం పెట్టిన ఒప్పందమే.

ముగింపు

రైతు బజారును తలచుకోండి. 1999లో మన రాష్ట్రంలో మొదలైన ఆ బజారులో రైతు నేరుగా అమ్మితే రైతుకూ, కొనేవారికీ మేలు జరిగింది. అయితే టమాటాకు సర్వీసింగ్ అక్కర్లేదు, రుణం అక్కర్లేదు. కారుకు పదేళ్లు అవి కావాలి. కాబట్టి మధ్యవాడు మంచివాడా చెడ్డవాడా అని కాకుండా, ఈ మూడు ప్రశ్నలు వేయాలని మేము చెప్పదలచుకున్నాం. నిల్వలో ఇరుక్కున్న డబ్బు ఎవరిది? అమ్మిన తరువాత బాధ్యత ఎవరిది? వ్యాపారం మూతపడితే వీధిన పడేది ఎవరు?

ఇప్పుడే పేరు వచ్చిన, ముందే బుకింగులు ఉన్న, సర్వీసు కేంద్రాలకు డబ్బు ఉన్న కొత్త కంపెనీకి నేరుగా అమ్మడం మేలు. పేరు లేక, డబ్బు తక్కువై, ఊరూరికీ చేరాలనుకునే కంపెనీకి డీలరే దిక్కు. చాలా కంపెనీలకు మధ్యేమార్గం సరిపోవచ్చు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! రేపు మీరు ఏ షోరూంలో ఉద్యోగానికి వెళ్లినా, జీతం ఎంత అని అడిగే ముందు ఆ షోరూం ఎవరిదో, ఒప్పందం ఎన్నేళ్లకో తెలుసుకోండి. మన ఇళ్లలో చదువుకున్నవాళ్లం మనమే మొదటివాళ్లం. కాగితం చదివి చెప్పేవారు మనకు ఇంట్లో లేరు. ఆ పని మనమే నేర్చుకుని, మన తరువాతివాళ్లకు మనమే చెప్పాలి.

అభ్యాసం

1. నెలకు 500 కార్లు, ఒక్కోటి 8 లక్షలు, చేరడానికి 45 రోజులు. ఇరుక్కునే మూలధనం ఎంత?
2. డీలర్ల రక్షణ చట్టాలు ఎందుకు వచ్చాయి? డీలర్లే లేని కంపెనీకి అవి వర్తించాలా? మీ అభిప్రాయం కారణాలతో రాయండి.
3. మీ ఊళ్లో ట్రాక్టరు లేదా మోటారు సైకిలు డీలరు చేసే పనుల పట్టిక రాసి, వాటిలో కంపెనీ నేరుగా చేయగలిగేవి గుర్తించండి.