ఇంటి కంప్యూటరులో ఒక వైద్యశాల

పెద్ద ప్రోగ్రామును చిన్న చిన్న స్వతంత్ర సేవలుగా విభజించి నిర్మించే పద్ధతికి మైక్రోసర్వీసులని పేరు. 1995లో వెలువడిన జావా భాషలో ఈ పద్ధతిని అభ్యసించదలచినవారికి ‘స్ప్రింగ్ పెట్‌క్లినిక్’ చక్కని నమూనా. ఇది పెంపుడు జంతువుల వైద్యశాల. ఇందులో యజమానుల వివరాలకు ఒక సేవ, వైద్యులకు ఒకటి, వైద్య సందర్శనలకు మరొకటి ఉన్నాయి.

దీనిని నడపడంలో వరుసక్రమం ప్రధానం. మొదట అమరికలను అందించే కాన్ఫిగ్ సర్వరును 8888 పోర్టులోను, పిదప సేవల చిరునామాలను నమోదు చేసుకొనే యురేకా సర్వరును 8761 పోర్టులోను ప్రారంభించాలి. తక్కిన సేవలు ఆ తరువాతే. వీటన్నిటికీ సింహద్వారం 8080 పోర్టులోని గేట్‌వే.

అన్నీ నడిచిన పిమ్మట సందర్శనల సేవను మాత్రం ఆపి, ఒక యజమాని పుటను తెరచి చూడాలి. పుట వస్తుంది, జంతువుల పేర్లూ ఉంటాయి. గేట్‌వేలోని సర్క్యూట్ బ్రేకరు సందర్శనల స్థానంలో ఖాళీ జాబితాను అందిస్తుంది. ఒక సేవ కూలినా తక్కినవి నిలవడం ఈ పద్ధతిలోని లాభం. అయితే చూచేవారికి ఆ జంతువు వైద్యుని వద్దకు ఎన్నడూ రాలేదనిపించవచ్చు. ‘లేదు’ అనడానికీ, ‘ప్రస్తుతం తెలియరాలేదు’ అనడానికీ గల భేదాన్ని తెరపై స్పష్టంగా చూపడం ప్రోగ్రామరు బాధ్యత. నిజమైన వైద్యశాలలో ఆ భేదం ప్రాణాలకు సంబంధించినది.