శ్రీశైల పాదయాత్ర – త్రాగునీటి శుద్ధి

పాదయాత్రకు బయలుదేరే కుటుంబాలు అటుకులు, వేరుశనగ ఉండలు, దుప్పట్లు, టార్చిలైట్లు జ్ఞాపకంగా సర్దుకుంటాయి. నీటి విషయం మాత్రం "దారిలో దొరుకుతుందిలే" అన్న ఒక్క మాటతో ముగుస్తుంది. నిజానికి నీరు దొరకడం ఒక సమస్య, దొరికిన నీరు త్రాగదగినది కావడం మరొక సమస్య. చెడ్డనీటి వల్ల కలిగే విరేచనాలు ఒకటి రెండు రోజుల్లోనే తెలుస్తాయి. కామెర్లు అలా కాదు. యాత్ర ముగిసి, ప్రసాదం పంచి, అందరూ మరచిపోయిన నెలకో, నెలన్నరకో బయటపడవచ్చు. అప్పుడు ఆ జబ్బుకు కారణం ఏ కొలనులోని గుక్కెడు నీరో ఎవరికీ స్ఫురించదు.

మా చెరుకుపల్లి ప్రాంతం నుంచి ఏటా మహాశివరాత్రికి శ్రీశైలం వెళ్ళేవారు అనేకులు. వారిలో నల్లమల అడవి దారిన నడిచి వెళ్ళదలచినవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటి: "కాచిన నీరు మంచిదా, మాత్ర వేసిన నీరు మంచిదా, రాగిచెంబులో నీరు మంచిదా, ఫిల్టరు కొనుక్కోవాలా?" దీనికి ఒక్కమాటలో సమాధానం లేదు. ఏ దోషానికి ఏ శుద్ధి అన్నది తెలిస్తే, ఎక్కడ ఏది వాడాలో ఎవరికి వారే నిర్ణయించుకోవచ్చు.

నీటికి మూడు దోషాలు

రోగికి మందు ఇచ్చేముందు దోషనిర్ణయం చేసినట్లే, నీటికీ చేయాలి. నీటిలోని దోషాలను మూడుగా విభజించుకోవచ్చు. మొదటిది మడ్డి: మట్టి, ఆకుల నలుసులు, నాచు, కంటికి కనిపించే పురుగులు. రెండవది కంటికి కనిపించని రోగక్రిములు. మూడవది నీటిలో కరిగిపోయిన ఉప్పు, ఫ్లోరైడు వంటి లవణాలు.

మడ్డిని తొలగించే ఉపాయం క్రిములను చంపదు. క్రిములను చంపే ఉపాయం లవణాలను తీయదు. ఒకదానికి చేసిన చికిత్స మూడింటికీ సరిపోయిందని భ్రమపడడంలోనే ప్రమాదం ఉన్నది.

మొదటి మెట్టు: తేటపరచుట

సుశ్రుతాచార్యుడు సూత్రస్థానంలోని 45వ అధ్యాయంలో కలుషజలాన్ని తేటపరిచే ఏడు సాధనాలను పేర్కొన్నాడు. వాటిలో కతకం అంటే మన చిల్లగింజ. వస్త్రం అంటే వడకట్టే గుడ్డ. ఈ రెండూ నేటికీ మన ఇళ్ళలో ఉన్నవే. మా డెల్టా గ్రామాలలో కాలువ నీటితో మంచినీటి చెరువులు నింపుకొనే రోజుల్లో, కొత్తనీరు ఎర్రగా వచ్చినప్పుడు సాన మీద చిల్లగింజ అరగదీసి బిందెలో కలపడం, లేదా పటికబిళ్ళను నీటిలో రెండు మూడు చుట్లు త్రిప్పడం ప్రతి ఇల్లాలికీ తెలిసిన పని. గింజలోని జిగురు పదార్థం మట్టి రేణువులను ఒకదానితో ఒకటి అంటుకొనేట్లు చేస్తుంది. అవి బరువెక్కి అడుగుకు దిగుతాయి. వాటితోపాటు కొన్ని క్రిములు కూడా దిగుతాయి గాని అన్నీ దిగవు. కనుక తేటనీరు శుద్ధనీరు కాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. చిల్లచెట్టు, ముష్టిచెట్టు ఒకే వర్గానికి చెందినవి. చిల్లగింజ చిన్నదిగా, గుండ్రంగా ఉంటుంది. ముష్టిగింజ వెడల్పుగా, బొత్తాము వలె బల్లపరుపుగా ఉంటుంది. అది తీవ్రమైన విషం. నమ్మకమైన మూలికల దుకాణంలో తప్ప చిల్లగింజలు కొనరాదు, అడవిలో ఏరుకోరాదు. అనుమానం ఉంటే పటిక వాడుకోవడమే మేలు.

వస్త్రగాళనాన్ని చులకనగా చూడవద్దు. బంగ్లాదేశ్ గ్రామాలలో పాత నూలు చీరను మడతలుగా వేసి నీటిని వడకట్టుకొన్న కుటుంబాలలో కలరా 48 శాతం తగ్గినట్లు 2003లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. కలరా క్రిములు నీటిలోని సూక్ష్మజలచరాలను అంటిపెట్టుకొని ఉండడమే దీనికి కారణం. ఒకనాడు రాయలసీమ దిగుడుబావుల నీటితో వ్యాపించిన నారికురుపు వ్యాధిని మన దేశం నుంచి తొలగించడంలో కూడా గుడ్డతో నీటిని వడకట్టుకోవడం ఒక ముఖ్యసాధనమైంది. ఆ వ్యాధి లేని దేశంగా భారతదేశానికి 2000లో గుర్తింపు లభించింది. కొత్తగుడ్డ కన్న అనేకసార్లు ఉతికిన పాత నూలుగుడ్డ మేలు. దాని దారాలు వదులై కన్నాలు పూడుకొని ఉంటాయి. నాలుగు మడతలైనా వేయాలి. ఒకసారి పైకి ఉంచిన వైపునే ప్రతిసారీ పైకి ఉంచి, వాడిన తరువాత ఉతికి ఎండలో ఆరవేయాలి.

రెండవ మెట్టు: క్రిమిసంహారం

కాచుట: దీనికి మించినది లేదు. నీరు తెర్లి, పెద్ద బుడగలతో ఒక నిమిషం మరిగితే చాలు. విరేచనాల క్రిములు, కామెర్ల వైరస్‌లు అన్నీ నశిస్తాయి. సగానికి, పావుకు మరిగించే ఉష్ణోదక విధానం రోగులకు చెప్పిన చికిత్స. యాత్రికుని దాహానికి అంత వంటచెరకు ఖర్చు చేయనక్కరలేదు. కాచి చల్లార్చిన నీరు తేలికైనదని చెప్పిన వాగ్భటుడే, అది రాత్రి నిలువ ఉంటే త్రిదోషకారకమని కూడా చెప్పాడు. మరిగిన నీటికి మళ్ళీ క్రిములు సోకకుండా కాపాడే గుణం ఏదీ ఉండదు గనుక, ఏనాటి నీరు ఆనాడే అన్న నియమం నేటి దృష్టితో కూడా సమంజసమే.

క్లోరిన్ మాత్రలు: ఒక లీటరుకు వేసే మాత్ర వేరు, 20 లీటర్ల బిందెకు వేసే మాత్ర వేరు. అట్టమీది కొలతను చదవకుండా వేయరాదు. మాత్ర కరిగిన తరువాత కనీసం అరగంట ఆగాలి. అప్పుడు కొద్దిపాటి మందు వాసన మిగిలి ఉండాలి. వాసన బొత్తిగా లేదంటే నీటిలోని మడ్డి మందును తినివేసిందని గ్రహించి, నీటిని మళ్ళీ వడకట్టి మరల మాత్ర వేయాలి. చాలామంది వాసన పోవడానికని నీరు పట్టగానే నిమ్మరసం పిండుతారు. నిమ్మలోని సి విటమిన్ క్లోరిన్‌ను విరిచివేస్తుంది. క్రిములు చావకముందే మందు చచ్చిపోతుంది. నిమ్మరసమైనా, తులసి ఆకైనా, వట్టివేళ్ళైనా అరగంట గడిచిన తరువాతనే వేయాలి. మాత్ర వేసిన నీటిని రాగి, ఇత్తడి పాత్రలలో ఉంచరాదు.

రాగిపాత్ర: రాగిపాత్రలో 16 గంటలు నిలువ ఉంచిన నీటిలో కలరా, టైఫాయిడ్, రక్తవిరేచనాలు కలిగించే బాక్టీరియా నశించినట్లు బెంగుళూరు పరిశోధకులు 2012లో ప్రకటించారు. పెద్దల ఆచారానికి ఇది మంచి సమర్థన. కాని మిట్టమధ్యాహ్నం కొలనులో ముంచిన రాగిచెంబు మరి పదిహేను నిమిషాల్లో ఆ పని చేయలేదు. ఇంటివద్ద రాత్రి నింపి ఉదయం త్రాగడానికి రాగి, దారిలో అప్పటికప్పుడు త్రాగడానికి మాత్ర.

సూర్యరశ్మి: చెడిన నీటిని కాచుట, ఎండలో ఉంచుట అని సుశ్రుతుడు చెప్పిన ఉపాయాలలో రెండవదాన్ని ఇప్పుడు అనేక దేశాలలో ఆచరిస్తున్నారు. తేటనీటిని రెండు లీటర్లకు మించని రంగులేని పారదర్శకమైన సీసాలో నింపి, ఆరు గంటలు నిండు ఎండలో పడుకోబెట్టాలి. మబ్బు పట్టితే రెండు రోజులు కావాలి. నడిచేవారికి ఇది కుదరదు. ఒకచోట ఆగిన రోజున పనికివస్తుంది.

చేతి ఫిల్టర్లు: సన్నని గొట్టాల కట్టతో చేసిన ఫిల్టర్ల కన్నాలు సుమారు 0.1 మైక్రాన్. బాక్టీరియా వాటిలో దూరదు. కామెర్ల వైరస్ అంతకన్న చిన్నది గనుక దూరిపోతుంది. అందుచేత ఫిల్టరు చేసిన నీటికి కూడా మాత్ర అవసరమే.

ఢిల్లీ నేర్పిన పాఠం

ఈ రెండు మెట్ల వరుస ఎంత ముఖ్యమో 1955–56లో దేశ రాజధాని తెలుసుకొన్నది. వరదల తరువాత మురుగుకాలువ నీరు యమునలో నగరానికి నీరు తోడే చోటికి వచ్చి చేరింది. అధికారులు పటిక, క్లోరిన్ మోతాదు పెంచారు. టైఫాయిడ్, విరేచనాలు పెద్దగా పెరగలేదు. కాని కొద్ది వారాలలో 29 వేల మందికి పైగా కామెర్లు వచ్చాయి. అది నేడు హెపటైటిస్–ఇ అని పిలిచే వ్యాధి అని తరువాతి కాలంలో తేలింది. మురికి ఎక్కువైనప్పుడు బాక్టీరియాను చంపగలిగిన మందు కూడా వైరస్ విషయంలో ఓడిపోతుంది. ఈ వ్యాధి గర్భిణులకు ప్రాణాంతకం కావచ్చు. అందువల్ల గర్భిణులను అడవి యాత్రకు తీసుకొని వెళ్ళరాదని, ఎక్కడ ఉన్నా కాచిన నీరే ఇవ్వాలని గట్టిగా చెబుతాను.

మూడవ దోషం: లవణాలు

మా ప్రాంతంలో సముద్రం దాపున బోరు వేస్తే ఉప్పునీరు పడుతుందని అందరికీ తెలుసు. ఉప్పు నాలుకకు తెలుస్తుంది, ఫ్లోరైడు తెలియదు. 1937లోనే నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడు వల్ల ఎముకలు బిగుసుకుపోయే వ్యాధిని వైద్యులు వర్ణించారు. పొదిలి, కనిగిరి, దర్శి తాలూకాలు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేవరకు నెల్లూరు జిల్లాలోనివే. తిరుగుప్రయాణంలో మార్కాపురం వైపు వచ్చేవారు బోరునీటి విషయం గుర్తుంచుకోవాలి. ఒకటి రెండు రోజులు త్రాగినందువల్ల ఫ్లోరోసిస్ రాదు. అది ఏళ్ళ తరబడి త్రాగినవారికి వచ్చేది. అయితే కాచితే ఫ్లోరైడు పోతుందనుకోవడం పొరపాటు. నీరు ఆవిరై తగ్గుతుంది, లవణం అంతా మిగిలి ఇంకా చిక్కబడుతుంది. చిల్లగింజ, మాత్ర, గుడ్డ ఏవీ దాన్ని తీయవు.

ఏడు రోజుల ప్రణాళిక

ఈ దారి పాతది. కొండవీటి రెడ్డిరాజ్య స్థాపకుడు ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దిలో శ్రీశైలానికి మెట్లు కట్టించాడు. నేడు ఇది పెద్దపులుల అభయారణ్యం గనుక అటవీశాఖ అనుమతించిన రోజుల్లోనే, గుంపుగా మాత్రమే నడవాలి. అడవిలో నిప్పు రాజేయడం నేరం. ఎండుటాకుల కాలంలో ఒక్క నిప్పురవ్వ కొండను కాల్చివేస్తుంది. కాబట్టి అన్నిటికన్న ఉత్తమమైన కాచుట అనే శుద్ధి, అత్యవసరమైన చోటనే మనకు అందుబాటులో ఉండదు. ప్రణాళిక అంతా దీనిమీదనే ఆధారపడి ఉన్నది.

1వ రోజు: చెరుకుపల్లి నుంచి గుంటూరు, అక్కడి నుంచి రైలులో నంద్యాల, బస్సులో ఆత్మకూరు. ఇంటి నుంచి తెచ్చిన కాచిన నీరు.

2వ రోజు: ఆత్మకూరులో బసచేసిన చోట నీరు కాచుకొని, ఒక్కొక్కరు రెండు లీటర్లు నింపుకొని వెంకటాపురం మీదుగా నాగలూటి చేరుట.

3వ రోజు: నాగలూటి నుంచి పెచ్చెరువు. వడకట్టి, మాత్ర వేసిన నీరు.

4వ రోజు: భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం. ఎక్కుడు దారి గనుక బయలుదేరకముందే సీసాలన్నీ నిండి ఉండాలి.

5వ రోజు: దర్శనం, విశ్రాంతి. మళ్ళీ కాచిన నీరు.

6, 7 రోజులు: దోర్నాల, మార్కాపురం మీదుగా ఇంటికి.

ఎండలో నడిచేవారికి రోజుకు నాలుగు లీటర్లకు తక్కువ కాకుండా నీరు కావాలి. నలుగురు ఉన్న కుటుంబానికి 16 లీటర్లు. ఇంత బరువు మోయలేము గనుక బస చేసిన ప్రతిచోటా నీటిని శుద్ధి చేసుకోవాలి. శిబిరాలలో తొట్టెలలో పోసిన నీటికీ ఇదే నియమం. ఒకే సీసాకు బదులు రెండు పెట్టుకొని, ఒకదానిలో మాత్ర వేసి అరగంట ఆగుతూ రెండవదానిలోనిది త్రాగాలి. జంతువులు దిగే కొలనులలో స్నానం చేస్తూ నీరు పుక్కిలించడం కూడా త్రాగడం వంటిదే.

మూటలో ఉండవలసినవి

పాత నూలుగుడ్డలు రెండు, పటికబిళ్ళ, గడువు దాటని క్లోరిన్ మాత్రలు, మూతగల స్టీలు సీసాలు, సబ్బు, చక్కెర, ఉప్పు, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు. పొట్లాలు అయిపోతే లీటరు శుద్ధమైన నీటిలో ఆరు టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు, రెండూ తలకొట్టి, కలిపి విరేచనం అయినప్పుడల్లా త్రాగించాలి. గంజి, పలుచని మజ్జిగ కూడా మంచివే. శొంఠి, వట్టివేళ్ళు, ముస్తలు మొదలైన వాటితో కాచే షడంగపానీయం జ్వరదాహానికి ప్రశస్తం. అయితే అందులో క్రిములను చంపేది మరగడమే గాని మూలికల సువాసన కాదు. మలంలో రక్తం, ఆగని వాంతులు, మూత్రం తగ్గడం, పసిపిల్లలు మగతగా ఉండడం కనిపిస్తే గృహవైద్యం ఆపి వెంటనే వైద్యుని వద్దకు చేర్చాలి.

ప్రయాణానికి వారం ముందు ఇంట్లోనే ఒక రోజు ఈ పద్ధతిలో నీరు తయారుచేసి పిల్లలతో త్రాగించి చూడండి. మందు వాసన అలవాటులేని పిల్లవాడు అడవిలో సీసా పక్కన పెట్టి కొలను దగ్గరకు పరుగెత్తుతాడు. ఇంటివద్ద అలవాటైతే ఆ భయం ఉండదు.