ఓజోన్ మీటరు చూసి గోధుమ నష్టం చెప్పొచ్చా?

ప్రశ్న: పంజాబ్ గోధుమకు ఓజోన్ ముప్పును గాలిలో మోతాదును బట్టి లెక్కగట్టొచ్చా?

జవాబు: కొంతవరకే. పగటిపూట గంటగంటకూ 40 పీపీబీ (గాలిలో నూరు కోట్ల వంతులకు 40) దాటిన మేర ఓజోన్‌ను మూడు నెలలు కూడితే ఏఓటీ40 వస్తుంది. అది 3,000 పీపీబీ గంటలకు చేరితే గోధుమ దిగుబడి 5 శాతం తగ్గుతుందని యూరప్ ప్రమాణం. కానీ పైరును దెబ్బతీసేది గాలిలో ఉన్నది కాదు, ఆకు పీల్చుకున్నది. నీళ్లు చాలని పైరు పత్రరంధ్రాలు మూసుకుంటుంది, తడి పెట్టిన చేను తెరుచుకుంటుంది; మీటరు అంకె ఒకటే, నష్టం వేరు. గింజ పాలుపోసుకునే వేళ పీల్చింది మరీ చేటు: పైఆకు ముందే పండిపోయి గింజ తేలిపోతుంది. అలాగని తడి మానమనడం లేదు, బెట్టకు పోయేది ఇంకా ఎక్కువ. ఆకు పీల్చిన లెక్కకు అన్ని వివరాలు ఎక్కడ తెస్తామంటారా? నిజమే, మొదటి జల్లెడగా ఏఓటీ40 చాలు. పట్నం మీటరును మాత్రం నమ్మకండి: వాహనాల నైట్రిక్ ఆక్సైడ్ అక్కడి ఓజోన్‌ను తినేస్తుంది, గాలివాటున పల్లె చేల మీద అది పెరుగుతుంది.