శ్రమ – వ్యాయామం

ఆదోని పరిసర గ్రామాలలో పత్తికాయలు విచ్చుకొనే కార్తీక, మార్గశిర మాసాలలో స్త్రీలు జొన్నరొట్టెలు మూటగట్టుకొని పొద్దు పొడవకముందే చేలకు బయలుదేరుతారు. సాయంకాలం వరకు నడుము వంచి పత్తి ఏరుతారు. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప స్థాపించిన చేనేత సహకార సంఘం దేశఖ్యాతి గడించింది. ఆ మగ్గాల వెనుక కూడ రాట్నంపై కండెలు చుట్టిన స్త్రీల చేతులున్నాయి. ఇంతగా శ్రమించే వారికి వేరే వ్యాయామమెందుకని పెద్దలు అడుగుతారు. ప్రశ్న సమంజసమైనదే.

సమాధానానికి ఆధారం మన ప్రాచీన వైద్యంలోనే ఉన్నది. వ్యాయామాన్ని దేహబలంలో సగం మేరకే చేయాలని సుశ్రుతుడు నియమం విధించాడు. కూలికి వెళ్లిన స్త్రీకి ఆ సగం దగ్గర ఆగే స్వేచ్ఛ లేదు! డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఆండ్రియాస్ హోల్టర్‌మన్ బృందం కోపెన్‌హాగన్‌లో లక్షమందికి పైగా స్త్రీపురుషుల ఆరోగ్య వివరాలను పరిశీలించి, 2021లో ఫలితాలు ప్రకటించింది. తీరికవేళ చేసిన వ్యాయామం గుండెకు మేలు చేయగా, ఉద్యోగంలోని కఠినశ్రమ ఆ మేలు చేయకపోగా ముప్పును పెంచుతున్నట్లు అందులో తేలింది. గంటల తరబడి విశ్రాంతి లేకుండా ఒకే తీరున శ్రమించడం ఇందుకు కారణం కావచ్చునని ఆ పరిశోధకుల ఊహ. ఆ దేశపు ఫలితాన్ని మన చేలకు యథాతథంగా అన్వయించరాదు గాని, శ్రమ వేరు, వ్యాయామం వేరు అన్న మాటకు అది బలమిస్తున్నది.

బాలికల విషయంలో 1995లో ఫిన్లాండులో వెలువడిన పరిశోధన మరింత ముఖ్యమైనది. టెన్నిస్, స్క్వాష్ ఆడే స్త్రీల రెండు చేతుల ఎముకలను అందులో పోల్చి చూశారు. బంతిని కొట్టే చేతి ఎముక రెండవదానికంటె దృఢంగా ఉన్నది. రజస్వల కాకముందో, ఆ సమయంలోనో ఆట ప్రారంభించిన వారిలో ఈ ఆధిక్యం, తరువాత ప్రారంభించిన వారికంటె సుమారు రెట్టింపు. ఒకే దేహంలోని రెండు చేతులు సాక్ష్యం పలికిన ఇటువంటి నిరూపణ అరుదు. మన ఇళ్లలో ఆడపిల్లను ఆటస్థలం నుండి వెనక్కు పిలిచేది సరిగా ఆ వయసులోనే కదా!

ఆ వయసు దాటినవారు నిరాశపడనక్కరలేదు. అమెరికాలో 72 వేలమందికి పైగా నర్సులను ఎనిమిదేళ్లపాటు పరిశీలించిన ఫలితాలు 1999లో వెలువడ్డాయి. వారానికి మూడు గంటలు, అంతకుమించి వడిగా నడిచిన వారిలో హృద్రోగం, కదలిక లేనివారికంటె 30 నుండి 40 శాతం తక్కువగా కనిపించింది. రోజుకు అరగంట నడక. దానికి రుసుము లేదు.

అయినా ఆటలకు దూరమవుతున్నది బాలికలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 146 దేశాల 2016 నాటి వివరాలను పరిశీలించగా, 11–17 ఏళ్ల బాలికలలో నూటికి 85 మందికి, బాలురలో 78 మందికి తగినంత వ్యాయామం లేదని తేలింది. జూనియర్ కళాశాలలో ఆటల గంటను పాఠాలకు ధారపోయడం మనకు తెలియనిది కాదు.

ఇక రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–19 ఏళ్ల బాలికలలో నూటికి 59 మందికి ఇది ఉన్నది. హిమోగ్లోబిన్ తగ్గినప్పుడు కండరాలకు ప్రాణవాయువు చాలదు. నాలుగడుగులు పరుగెత్తగానే ఆయాసం వస్తుంది. అటువంటి బాలికను సోమరి అని నిందించడం అన్యాయం. ఆమె ముందుగా రక్తపరీక్ష చేయించుకొని, వైద్యులు సూచించిన ఐరన్ మాత్రలు వాడాలి. మొదట నడక, కొంత ఓపిక చేరిన పిదప పరుగు, ఆపైన కబడ్డీ, ఖోఖో వంటి ఆటలకు పూనుకోవాలి.