నొప్పి వచ్చినప్పుడల్లా ఆక్సిజన్ ఎందుకు పెట్టరు?

నాకు సికిల్ సెల్ రక్తహీనత ఉందని మన హాస్టల్లో అందరికీ తెలుసు. దసరా సెలవుల ముందు నేను కాళ్ల నొప్పులతో ఏడుస్తుంటే, ఏడో తరగతి చదివే మా చిన్నమ్మ కూతురు "అక్కకి ఆక్సిజన్ పెట్టండి సార్" అని డాక్టరు గారి కాళ్లు పట్టుకున్నంత పని చేసింది. ఆయన పెట్టలేదు. దానికి ఆయన మీద కోపం ఇంకా పోలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

హిమోగ్లోబిన్‌లో ఒక చోట గ్లుటామిక్ ఆమ్లం ఉండాలి. మాకు అక్కడ వాలీన్ ఉంటుంది. తేడా అంతే! కానీ ఆక్సిజన్ వదిలేశాక ఆ హిమోగ్లోబిన్ ఒకదానికొకటి అతుక్కుంటుంది, రక్తకణం కొడవలిలా వంగుతుంది. ఇలాంటి కణాలను 1910లో చికాగో డాక్టరు జేమ్స్ హెరిక్ వర్ణించారు. ఇవి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటేనే మాకు నొప్పి.

మరి ఆక్సిజన్ ఇస్తే పోదా? నేనూ అదే అడిగాను. డాక్టరు గారు నా వేలికి పెట్టిన ఆక్సీమీటరు చూపించారు. 97 ఉంది. "చెరువు నిండుగానే ఉందమ్మా, కాలువకి అడ్డం పడింది. చెరువులో ఇంకా నీళ్లు పోసి లాభమేంటి?" అన్నారు. పైగా అవసరం లేకుండా రోజుల తరబడి ఇస్తే మూలుగలో కొత్త రక్తకణాల తయారీ తగ్గుతుందట. మామూలు ఎర్రకణం 120 రోజులు బతుకుతుంది, మాది 10 నుంచి 20 రోజులే. తయారీ కూడా తగ్గితే ఇంకేముంది! నొప్పి మందు ఇచ్చి, సెలైన్ పెట్టి, దుప్పటి కప్పారు.

జనవరిలో మాత్రం వేరే కథ. జ్వరం, దగ్గు, ఊపిరి తీస్తే ఛాతీలో పోటు. మీటరు 91 చూపింది. ఈసారి ఎవరూ అడగకుండానే ఆక్సిజన్ పెట్టేశారు. 95 కంటే తగ్గితే ఇవ్వాలట. ఎక్స్‌రే తీశారు, యాంటీబయాటిక్స్ ఇచ్చారు, రక్తం ఎక్కించారు. ఊపిరితిత్తులకు వచ్చే ఈ జబ్బు ప్రాణం తీయగలదు, ఒక్క ఆక్సిజన్‌తో నయం కాదు.

కొందరికి బాగున్న రోజున కూడా అంకె తక్కువే ఉంటుంది. అందుకే ఎవరి మామూలు అంకె వాళ్లకు తెలిసి ఉండాలి. నాది 96, నా లెక్కల నోట్సు వెనక అట్ట మీద రాశాను. వేలు చల్లబడినా, గోళ్లరంగు ఉన్నా మీటరు తప్పు చూపవచ్చు (గోళ్లరంగు పిచ్చి ఉన్నవాళ్లు ఎవరో నేను చెప్పను). అంకె బాగున్నా ఆయాసం, ఛాతీనొప్పి ఉంటే తెల్లారేదాకా ఆగకండి, వెంటనే లేపండి.

వార్డెన్ మేడమ్ గారికి ఒక మనవి. మన ఆక్సీమీటరు ఆఫీసు బీరువాలో ఉంది. రాత్రిపూట అది నర్సమ్మ గారి బల్ల మీద ఉండేలా చూడండి.