తెరమూలనున్న చిన్న హెచ్చరిక
(కంప్యూటరు అనుమతిని గూర్చి తల్లిదండ్రులకొక పాఠము)



ఈ పాఠమును నా పొరపాటుతో ఆరంభించుట న్యాయము. 2019 జూన్ నెలలో, వేసవి సెలవుల పిదప బడి తెరచిన దినములలో, మన కంప్యూటరు గదిలోని యొక యంత్రపు తెరపై, కుడివైపు అడుగుమూలను, విండోస్‌ను యాక్టివేట్ చేయుమను ఇంగ్లీషు మాటలు మసకగా కనబడెను. లోపలి పుటలో ఒక దోషసంఖ్య కూడ ఉండెను. నేను ఆ సంఖ్యను వ్రాసికొనలేదు. దాని అర్థమేమని విచారింపలేదు. యంత్రము చెడినదని తలచి బజారునుండి ఒక మరమ్మతు పనివానిని పిలిపించితిని. అతడు, "అంతా తుడిచేసి కొత్తగా వేస్తే సరిపోతాది సార్" అనెను. నేను సరే యంటిని. గంటలో పని ముగిసెను, హెచ్చరికయు మాయమయ్యెను.

ఆ యంత్రములో మన పిల్లలు రెండు సంవత్సరములు శ్రమించి కూర్చిన మాటల పట్టిక యుండెను. రాగిచేనికి, పశువులకు, వంటపాత్రలకు, చుట్టరికములకు మన హోసూరు ప్రాంతపు తెలుగువారు వాడు మాటలను తమ అవ్వతాతల నడిగి వారు వ్రాసికొనిరి. దానికి వేరొక ప్రతి లేదు. డిస్కుతోబాటు ఆ పట్టికయు తుడిచిపెట్టుకొని పోయెను. మరల సేకరింపబూనినపుడు, ఆ మాటలు చెప్పిన అవ్వలలో ఇద్దరు కాలము చేసియుండిరి.

దసరా సెలవుల పిదప అదే హెచ్చరిక అదే యంత్రముపై తిరిగి కనబడెను. ఈసారి మన గణితోపాధ్యాయులు దోషసంఖ్యను కాగితముపై వ్రాసికొని, పిదప యంత్రపు గడియారమును చూచిరి. అది మూడేండ్ల వెనుకటి తేదీని చూపుచుండెను. విద్యుత్తు లేనపుడు గడియారమును నడిపించుటకై లోపల నాణెమంత బ్యాటరీ యొకటి యుండును. అది అరిగిపోయినది. బ్యాటరీ మార్చి, తేదీ సరిచేసి, పనివాడు వేసినదానిని తీసి, యంత్రముతో వచ్చిన విండోస్‌నే తిరిగి వేయగా అనుమతి తనంత తానే కుదిరెను. వేసవిలో రెండు నెలలు ఆపియుంచిన యంత్రమునకు మొదటిసారి కలిగిన లోపమును ఇదియే కావచ్చును. అట్లైన, కొలది రూపాయల బ్యాటరీతో పోవు పనికి మేము రెండేండ్ల శ్రమను చెల్లించితిమి.

ఇట్టి నష్టము మీ యిండ్లలో కలుగకుండుటకే ఈ పాఠము.

అనుమతి యననేమి?

కంప్యూటరును నడిపించు మూల కార్యక్రమమును ఆపరేటింగ్ సిస్టమ్ అందురు. మన యిండ్లలోని యంత్రములలో పెక్కింట నున్నది మైక్రోసాఫ్ట్ సంస్థవారి విండోస్. దానిని కొన్నవారు దానిని న్యాయముగా వాడుచున్నారా, లేదా యని ఆ సంస్థవారి సర్వరుతో సరిచూచుకొను పద్ధతికే యాక్టివేషన్ అని పేరు. 2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పీతో ఈ పద్ధతి గృహములలోని విండోస్‌కు వచ్చినది.

దీనిని వాహనపు ఆర్.సి. పుస్తకముతో పోల్చవచ్చును. ఆ పుస్తకము బండి ఛాసిస్ సంఖ్యకు కట్టుబడియుండును. చక్రము మార్చినను, దీపము మార్చినను అది చెల్లును. ఛాసిస్ మార్చినచో చెల్లదు. కంప్యూటరునకు మదర్‌బోర్డు అట్టిది. జ్ఞాపకశక్తి చిప్పు నొకదానిని చేర్చినందున సాధారణముగా బాధ లేదు. మదర్‌బోర్డును మార్చినచో, విండోస్ దృష్టిలో అది వేరొక యంత్రము.

అనుమతి రెండు రూపములలో నుండును. ఒకటి, ఐదేసి గుర్తుల చొప్పున ఐదు గుంపులుగా నుండు 25 గుర్తుల ప్రాడక్ట్ కీ. రెండవది, 2015లో విండోస్ 10తో వచ్చిన డిజిటల్ లైసెన్సు. దీనికి చేతితో ఏ సంఖ్యయు కొట్టనక్కరలేదు, యంత్రపు గుర్తులనుబట్టి సర్వరే పోల్చుకొనును. 2012లో విండోస్ 8 వచ్చినప్పటినుండి, విండోస్‌తో అమ్మబడు యంత్రములలో ఆ కీని మదర్‌బోర్డులోనే పొందుపరచుచున్నారు. కావుననే క్రొత్త లాప్‌టాప్ అడుగున వెనుకటి చీటీ కనబడదు. చీటీ లేదని కలవరపడవలదు.

ముఖ్యముగా గ్రహింపవలసిన దేమనగా, ఈ హెచ్చరిక కనబడినంత మాత్రమున యంత్రము చెడినట్లు కాదు. మీ పిల్లల వ్రాతలు, చిత్రములు ఎచ్చటికిని పోవు. యంత్రము నడచుచునే యుండును; తెర రంగులు, చిత్రములు మార్చుకొను ఏర్పాటులు మాత్రము మూతపడును. కావున తొందరపడి తుడిపింపవలసిన అగత్యము లేదు.

దోషసంఖ్యను చదువు విధము

విండోస్ 11లో 'సెట్టింగ్స్' తెరచి, 'సిస్టమ్' అను భాగములో 'యాక్టివేషన్' అను పుటను చూడవలెను. విండోస్ 10లో ఆ పుట 'అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ' అను భాగములో నుండును. దోషసంఖ్య అచ్చటనే కనబడును. అది పొడవుగా నున్నను, చివరి నాలుగు గుర్తులనుబట్టి ముఖ్యమైన వానిని గుర్తింపవచ్చును.

చివర '2ఎఫ్8ఎఫ్' అని యున్నచో, తేదీయో, కాలమో తప్పి యుండవచ్చును. లేదా సర్వరుతో సంబంధము కుదరకుండవచ్చును. మొదట గడియారమును, పిదప ఇంటర్నెట్టును చూడవలెను. తేదీ సరిచేసినను మరునాడు తిరిగి తప్పుచున్నచో, లోపల బ్యాటరీ అయిపోయినదని తెలిసికొనవలెను.

'ఎఫ్034' అని యున్నచో, కొట్టిన కీ తప్పు కావచ్చును. లేదా అది వేరొక రకపు విండోస్‌కు చెందినది కావచ్చును. హోమ్ రకపు కీ ప్రో రకమునకు చెల్లదు. ప్రో రకపు కీ హోమ్‌కు చెల్లదు.

'సి008' అని యున్నచో, ఆ కీ అంతకుముందే వేరొక యంత్రములో వాడబడినది, లేదా అనుమతించిన సంఖ్యకు మించి వాడబడినది. 'సి003' అని యున్నచో, ఆ కీని సర్వరు నిరోధించినది. మిక్కిలి చౌకగా కీలమ్మువారి వద్ద కొన్నవారికి తరచుగా ఎదురగునవి ఈ రెండే.

'ఎఫ్211' గాని, 'ఎఫ్213' గాని యున్నచో, యంత్రములోని ముఖ్యమైన భాగము మారినదని అర్థము. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లైసెన్సును ముందుగా జతపరచియున్నవారికి ఇచ్చట మార్గము కలదు: అదే పుటలోని 'ట్రబుల్‌షూట్' అను మీటను నొక్కి, ఇటీవల యంత్రభాగములు మార్చితినను వాక్యమును ఎంచుకొని, ఖాతాలో ప్రవేశింపవలెను. కావున యంత్రము బాగుగా నున్నపుడే ఖాతాను జతపరచియుంచుట మేలు. అయినను యంత్రముతో వచ్చిన లైసెన్సు ఆ యంత్రముతోనే ముగియును. విడిగా కొన్న పూర్తి లైసెన్సును మాత్రమే వేరొక యంత్రమునకు మార్చుకొనవచ్చును.

చేతులు మారిన యంత్రములు

చివర 'ఎఫ్074' అను సంఖ్యను గూర్చి వేరుగా చెప్పవలసియున్నది. బెంగుళూరు మనకు దాపుననే యుండుటచేత, అచ్చటి కంపెనీలు వాడి తీసివేసిన లాప్‌టాప్‌లు మన ప్రాంతమునకు విరివిగా వచ్చుచున్నవి. 2024లో మన పూర్వవిద్యార్థిని తల్లి యొకామె అట్టి లాప్‌టాప్‌ను తెచ్చి, "అయివారూ, ఆరు నెలలు బాగానే ఉండింది. ఇప్పుడు అంగడిలో చూపిస్తే మూడువేలు అడుగుతా ఉండారు" అని చెప్పెను. ఆమె చెప్పిన ఆరు నెలలలోనే జవాబున్నది.

పెద్ద సంస్థలు వందలకొలది యంత్రములకు ఒకేచోటనుండి అనుమతి నిచ్చుటకై తమ కార్యాలయములోనే ఒక సర్వరును పెట్టుకొందురు. అట్టి అనుమతి 180 దినములు చెల్లును. యంత్రము ఏడేసి దినములకొకసారి ఆ సర్వరును పలుకరించి గడువును పొడిగించుకొనును. యంత్రము అమ్ముడుపోయి మన యింటికి వచ్చిన పిదప ఆ సర్వరు దానికి దొరకదు. 180 దినములు కాగానే హెచ్చరిక వచ్చును. సర్వరు దొరకలేదనుటయే 'ఎఫ్074' అర్థము.

ఆ తల్లిని మూడువేలు ఇయ్యవలదని చెప్పి, యంత్రములోని వ్రాతలన్నింటికి ప్రతి తీసికొని, మదర్‌బోర్డులో నున్న అసలు లైసెన్సు ఏ రకపుదో చూచి, ఆ రకపు విండోస్‌నే వేయించితిమి. అనుమతి వెంటనే కుదిరెను. పైకము ఖర్చు కాలేదు. అన్ని పాత యంత్రములలో అసలు లైసెన్సు దొరకునని చెప్పలేము గాని, మొదట వెదకవలసినది అదియే.

పాత యంత్రమును కొనువారు పైకము చెల్లించుటకు ముందే యాక్టివేషన్ పుటను తెరచి చూపుమని అడుగవలెను. డిజిటల్ లైసెన్సుతో యాక్టివేట్ అయినదని యున్నచో మేలు. మీ ఆర్గనైజేషన్ యాక్టివేషన్ సర్వీసుతో అయినదని యున్నచో, ఆ అనుమతి మీది కాదు. గడువు తీరగానే పోవునది.

తెలుగు కొరకు చేయు తొందర

మనవంటివారికే కలుగు చిక్కు వేరొకటి కలదు. మన దేశమున అమ్మబడు లాప్‌టాప్‌లలో పెక్కింట 'హోమ్ సింగిల్ లాంగ్వేజ్' అను రకపు విండోస్ ఉండును. అందు తెరపై కనబడు మాటలకు ఒకే భాష చెల్లును. పిల్లలకు తెలుగు కావలెనను కోరికతో కొందరు ఎవరిచేతనో ప్రో రకమును వేయించుకొనుచున్నారు. అంతటితో యంత్రముతో వచ్చిన లైసెన్సునకు, వేసిన రకమునకు పొత్తు చెడును, అనుమతి పోవును.

ఇది అనవసరమైన శ్రమ. తెలుగు చదువుటకు, వ్రాయుటకు తెరభాషను మార్చనక్కరలేదు. ఏ రకపు విండోస్‌లోనైనను భాషల పుటలో తెలుగును చేర్చి, తెలుగు కీబోర్డును ఎంచుకొన్నచో చాలును. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతియు, ఉచ్చారణ ననుసరించు ఫొనెటిక్ పద్ధతియు రెండును విండోస్ 10, 11లలో కలవు. మన బడి పత్రములు ఈ విధముగనే తయారగుచున్నవి.

దొంగ అనుమతి

హెచ్చరికను మాయము చేయుటకు కొందరు పనివారు చిన్న కార్యక్రమమును నడిపింతురు. దానికి ముందు యాంటీవైరస్‌ను ఆపివేయుదురు. ఇంటి కావలివానిని పంపివేసి పరాయివానికి తలుపు తెరచుట వంటిదే యిది. అట్టి కార్యక్రమముల చాటున రహస్య పదములను దొంగిలించు వైరస్‌లు వచ్చిన సందర్భములు పెక్కు కలవు. తండ్రి బ్యాంకు లెక్కయు, బిడ్డ పరీక్ష దరఖాస్తును ఒకే యంత్రమున నుండు ఇండ్లలో ఇది సామాన్యమైన అపాయము కాదు.

చట్టమును కలదు. 1957 నాటి కాపీరైట్ చట్టమునకు 1994లో చేసిన సవరణచే చేరిన 63-బి విభాగము ప్రకారము, దొంగ ప్రతియని తెలిసి కంప్యూటరు కార్యక్రమమును వాడువారికి ఏడు దినములకు తక్కువ కాకుండ, మూడేండ్ల వరకు శిక్షయు, 50,000 రూపాయలనుండి 2 లక్షల వరకు జరిమానాయు విధింపవచ్చును. లాభాపేక్ష గాని, వ్యాపారము గాని లేనిచోట, కారణము చూపి, శిక్షను తగ్గించు అధికారము న్యాయస్థానమునకు కలదు. శిక్ష యటుండగా, పిల్లల యెదుట దొంగ తాళము వాడి వారికి నీతిపాఠమెట్లు చెప్పగలము?

పైకము లేనివారికి న్యాయమైన దారి యున్నది. లినక్సు జాతికి చెందిన ఉబుంటు, మన దేశపు సీ-డాక్ సంస్థవారి బాస్ అనునవి ఉచితములు. వానికి యాక్టివేషన్ అను మాటయే లేదు. 2011లో తమిళనాడు ప్రభుత్వము ఆరంభించిన ఉచిత లాప్‌టాప్ పథకపు యంత్రములలో విండోస్‌తోబాటు బాస్ కూడ వచ్చినది మీలో కొందరికి జ్ఞాపకముండును. విండోస్ 10కు సాధారణ రక్షణ సవరణల గడువు 2025 అక్టోబరు 14న ముగిసినది. విండోస్ 7, 8ల కీలతో క్రొత్త విండోస్‌ను యాక్టివేట్ చేయు దారిని మైక్రోసాఫ్ట్‌వారు 2023 సెప్టెంబరులో మూసివేసిరి. కావున పాత యంత్రములున్నవారు ఈ ఉచిత మార్గమును ఆలోచింపవచ్చును.

ఇంటివద్ద పాటింపవలసిన వరుస

1. హెచ్చరిక కనబడగానే దోషసంఖ్యను కాగితముపై వ్రాసికొనవలెను. లేదా ఫోనుతో ఫొటో తీయవలెను.
2. తేదీ, కాలము, ఇంటర్నెట్టు సరిగా నున్నవా యని చూడవలెను.
3. లోపల నున్న విండోస్ ఏ రకము, యంత్రముతో వచ్చినది ఏ రకము అని పోల్చవలెను.
4. యాక్టివేషన్ పుటలోని ట్రబుల్‌షూట్ మీటను నొక్కి చూడవలెను.
5. ఇంకను కుదరనిచో, పిల్లల వ్రాతలన్నింటికి పెన్‌డ్రైవులో ప్రతి తీసియుంచవలెను. ప్రతి తీయకుండ యంత్రమును ఎవరి చేతికిని ఇయ్యరాదు.
6. అటుపిమ్మటనే మరమ్మతు విషయమాలోచింపవలెను. "తుడిచేస్తాము" అని పనివాడు చెప్పినచో, ఎందుకని అడుగవలెను. సంఖ్య చూడకుండ తుడుతునను వానిని నమ్మరాదు.

ఈ వరుసలో ఐదవది నేనానాడు చేసియుండిన, మిగిలినవన్నియు తప్పినను నష్టము కలిగెడిది కాదు.

తుదిమాట

ప్రతి శనివారము మధ్యాహ్నము మన కంప్యూటరు గది తెరచియుండును. అంగడిలో పైకము చెల్లించుటకు ముందు, సంఖ్య వ్రాసిన కాగితముతో మీరు రావలెనని కోరుచున్నాను. చూచి చెప్పుటకు రుసుమేమియు లేదు.

ఇంకొక మనవి. పోయిన మాటల పట్టికను పిల్లలు మరల ఆరంభించిరి. ఈసారి దానిని రెండు యంత్రములలోను, ఒక పెన్‌డ్రైవులోను, ఒక చేతివ్రాత పుస్తకములోను ఉంచుచున్నాము. మీ యింటి పెద్దలు వాడు మాటలను, నేడు మీకు పాతవిగా తోచినను, పిల్లలచేత వ్రాయించి పంపుడు. విండోస్ పోయిన మరల వేసికొనవచ్చును. అవ్వ నోటిమాట పోయిన మరల దెచ్చుట మనవలన కాదు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు